ఒకే ఇంటిపేరు: జపానులో తెగని వ్యవహారం

జపాను దేశంలో స్త్రీపురుషులిద్దరు వివాహం చేసుకోదలచినప్పుడు స్థానిక పాలక కార్యాలయంలో ఒక దరఖాస్తు దాఖలు చేయవలెను. ఆ కాగితం మీద రెండు చిన్న గళ్ళుంటవి. ఒకటి భర్త ఇంటిపేరుకు, మరొకటి భార్య ఇంటిపేరుకు. ఏదో ఒక గడిలో గురుతు పెట్టి తీరవలెను. రెండూ ఖాళీగా వదిలినా, రెండింటిలోను గురుతు పెట్టినా దరఖాస్తు చెల్లదు. వివాహమే నమోదు కాదు. ఆ దేశపు పౌరస్మృతిలోని 750వ నిబంధన ఈ పని చేయిస్తున్నది. దంపతులు తమలో తాము నిశ్చయించుకొన్న ప్రకారం భర్త ఇంటిపేరుగాని, భార్య ఇంటిపేరుగాని ఇద్దరూ ధరించవలెనని దాని తాత్పర్యం. చట్టపు మాటలలో పక్షపాతమేమీ కానరాదు. ఆచరణలో నూటికి 94, 95 జంటలలో పేరు మార్చుకొనేది భార్యయే. దంపతులకు ఒకే ఇంటిపేరు ఉండవలెనని చట్టరీత్యా నిర్బంధిస్తున్న దేశం తమది తప్ప మరొకటి తమ ఎరుకలో లేదని జపాను న్యాయశాఖవారే చెప్పినారు.

ఇష్టమున్నవారు ఎవరి ఇంటిపేరు వారు నిలుపుకొనేందుకు వీలు కల్పించవలెనన్న కోరిక ఈనాటిది కాదు. 1996లోనే న్యాయశాఖకు సలహా చెప్పే శాసన పరిశీలక మండలి అట్లు సిఫారసు చేసినది. ఆ సిఫారసును బిల్లుగా మార్చి సభ ముందు పెట్టడానికి ఏ ప్రభుత్వానికీ చేయి రాలేదు. 2025లో ప్రతిపక్షాలవారు తెచ్చిన మూడు బిల్లులు దిగువసభ న్యాయవ్యవహారాల సంఘంలో చర్చకు వచ్చినవి. ఇటువంటి బిల్లు సంఘంలో చర్చకు రావడం 28 సంవత్సరాల తరువాత అదే మొదటిసారి. చర్చ జరిగినది, ఓటు జరగలేదు. ఆ సంవత్సరమే అక్టోబరులో తకాయిచి సనాయె ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని అయినారు. ఆమె వేరువేరు ఇంటిపేర్లకు చిరకాలంగా వ్యతిరేకి. ఆమె స్వంత చరిత్ర ఈ సందర్భంలో తలచుకోదగినది. 2004లో ఆమె ఒక పార్లమెంటు సభ్యుని వివాహమాడి, చట్టరీత్యా ఆయన ఇంటిపేరైన యమమోతో స్వీకరించినారు. రాజకీయాలలో మాత్రం తకాయిచిగానే కొనసాగినారు. 2017లో ఇద్దరూ విడిపోయినారు. 2021లో ఆయననే తిరిగి వివాహమాడినారు. ఈ రెండవ పర్యాయం పేరు మార్చుకొన్నది భర్తగారు. ఒకే దంపతులు ఒకే నిబంధనను రెండు వైపుల నుండీ అనుభవించినారన్నమాట.

మార్పును వ్యతిరేకించేవారి వాదాలలో బలమైనది, ఒకే ఇంటిపేరు జపాను కుటుంబానికి అనాదిగా వస్తున్న సంప్రదాయమని. ఈ మాట చరిత్ర ముందు నిలుస్తుందా లేదా అనేది మనం పరిశీలించదగిన విషయం.

జపానువారి ఇంటిపేర్లు మనకు అంత పరాయివి కావు. మనవలెనే వారు ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు తరువాత చెప్పుదురు. పాశ్చాత్యుల ఎదుట మాత్రం మేజీ యుగం నుండి తలక్రిందులు చేసి చెప్పుతూ వచ్చినారు. ఆ అలవాటు ఇక చాలునని, 2020 జనవరి 1 నుండి ప్రభుత్వ పత్రాలలో రోమను లిపిలో వ్రాసినా ఇంటిపేరే ముందుండవలెనని నిర్ణయించుకొన్నారు. ఆ పేర్ల అర్థాలు చూచినా మన నేల వాసనే వచ్చును. తనాకా అంటే వరిమడి నడుమ. యమమోతో అంటే కొండ మొదలు. కొబయాషి అంటే చిన్న అడవి. ఇషికావా అంటే రాతి ఏరు. మన కందుకూరివారు, గురజాడవారు ఊళ్ళ పేర్లు మోసినట్లే వారు మళ్ళను, ఏళ్ళను మోస్తున్నారు. ఒక తేడా మాత్రం కలదు. మన ఇంటిపేరు చాలాసార్లు పూర్వులు విడిచివచ్చిన ఊరిది. ఆ ఊళ్ళోనే ఉండిపోయిన వారిని ఆ ఊరిపేరుతో గుర్తుపట్టవలసిన పని ఎవరికున్నది? జపానువారి పేర్లలో ఎక్కువ భాగం ఇల్లు నిలిచిన చోటును చెప్పేవి.

ఇక చరిత్ర. టోకుగావా ప్రభువుల పాలనలో, అంటే 1868కి పూర్వం రెండున్నర శతాబ్దాలకు పైగా, ఇంటిపేరును బహిరంగంగా చెప్పుకొనే హక్కు, నడుమున కత్తి ధరించే హక్కు జంటగా ఉండేవి. అవి సమురాయి వర్గానికి, ప్రభువులు అనుగ్రహించిన కొద్దిమంది ఇతరులకు మాత్రమే చెల్లేవి. రైతులకు, వర్తకులకు అసలు ఇంటిపేర్లే లేవని కొందరు వ్రాస్తారు, అది సరికాదు. ఊళ్ళో తమలో తాము వాడుకొనే పేర్లు ఎన్నో కుటుంబాలకు ఉండేవి. దస్తావేజు మీద వ్రాయడానికి మాత్రం అనుమతి లేదు. మేజీ ప్రభుత్వం 1870లో సామాన్యులు కూడ ఇంటిపేరు పెట్టుకోవచ్చునని ప్రకటించినది. పెట్టుకోవచ్చునన్న మాటకు జనం అంతగా కదలలేదు. ప్రభుత్వం పేరు అడిగినదంటే పన్నుకో, పనికో పిలుపు రాబోతున్నదని వారికి అనుమానం. ఆ అనుమానం నిష్కారణం కాదు. 1871లో కుటుంబ పట్టీల చట్టం వచ్చినది. 1873లో నిర్బంధ సైనికసేవ వచ్చినది. ఊరికి పదిమంది ఒకే పేరువారుంటే సైన్యానికి ఎవరిని పిలువవలెను? సైనికశాఖవారి ఒత్తిడి మీద 1875 ఫిబ్రవరిలో ఇంటిపేరు పెట్టుకొని తీరవలెనన్న ఆజ్ఞ వెలువడినది. తోచనివారికి ఊరిపెద్దలు, దేవాలయ పూజారులు పేర్లు చూచి పెట్టినారు. అనాది సంప్రదాయమని చెప్పబడేదానిలో సామాన్య ప్రజల భాగం ఈ విధంగా, సైన్యపు పట్టీ కోసం, ఒక్క ఆజ్ఞతో మొదలైనది.

అన్నట్లు, అందరి చేత పేర్లు పెట్టించిన ఆ చక్రవర్తి వంశానికి నేటికీ ఇంటిపేరు లేదు.

సరే, ఇంటిపేరు అందరికీ వచ్చినది. వివాహమైన స్త్రీ మాట ఏమిటి? ఈ ప్రశ్న అధికారులకే వచ్చి పైవారిని అడిగినారు. 1876 మార్చిలో ప్రభుత్వం ఇచ్చిన జవాబు నేటి వాదులు చాలామంది విస్మరించేది: భార్య తాను పుట్టిన ఇంటి పేరునే వాడవలెను. వాడుకలో ఆమెను భర్త ఇంటిపేరుతో పిలిచే అలవాటు పెరుగుతున్నదని స్థానికాధికారులు తెలిపినా, ప్రభుత్వం రెండు దశాబ్దాలకు పైగా ఆ మాటనే పట్టుకొని ఉన్నది. దానికి పూర్వాధారాలు కూడ లేకపోలేదు. మినమోతో యొరితోమో భార్యను చరిత్ర హోజో మసాకో అనే ఎరుగును. అషికగా ప్రభువు యొషిమసా భార్య హినో తొమికో. ఇద్దరివీ పుట్టింటి పేర్లే. భార్యకు భర్త ఇంటిపేరు నిర్బంధం చేసినది 1898 నాటి పౌరస్మృతి. అందులో కుటుంబం ‘ఇయె’ అనబడే ఒక గృహసంస్థ. దానికి ఒక యజమాని. స్త్రీ వివాహంతో ఆ గృహంలో ప్రవేశించి దాని పేరు ధరించును. ఐరోపా చట్టాలను దగ్గర పెట్టుకొని ఈ స్మృతిని వ్రాసినారు. ఆనాటి ఐరోపాలో భార్య భర్త పేరు ధరించడం మామూలు. కాబట్టి తూర్పు సంప్రదాయమని నేడు వాదించబడే దానిలో పడమటి పాలు కూడ కొంత ఉన్నది.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరబాటుకు లోను కారాదు. 1876 నాటి జవాబు స్త్రీ స్వాతంత్ర్యం కోసం ఇచ్చినది కాదు. ఆమె రక్తం వేరు, వంశం వేరు. ఎన్నేళ్ళు కాపురం చేసినా ఆమె పరాయి ఇంటి బిడ్డయే అన్న భావం దాని వెనుక ఉన్నది. చైనాలోను, కొరియాలోను స్త్రీ తన వంశనామం నిలుపుకొంటూ వచ్చినదన్నా కారణం అదే. కొరియా స్త్రీ పేరు మారదు. అయినా పిల్లలకు తండ్రి పేరే వచ్చేది, ఇంటి పెద్ద పురుషుడే అయ్యేవాడు. ఆ గృహయాజమాన్య పద్ధతిని కొరియా 2008లో గాని రద్దు చేయలేదు. పేరు నిలిచినంత మాత్రాన గౌరవం నిలిచినట్లు కాదు, పేరు మారినంత మాత్రాన పోయినట్లూ కాదు. ఎవరు మార్చమన్నారు, కాదనే వీలున్నదా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

కాదనే వీలు లేకపోతే ఏమగునో కొరియాయే చెప్పగలదు. ఆ దేశం జపాను పాలనలో ఉండగా 1940 ఫిబ్రవరిలో ఒక శాసనం అమలులోనికి వచ్చినది. ఆరు నెలలలోపున ప్రతి కొరియా కుటుంబమూ జపాను పద్ధతిలో ఒక గృహనామం సృష్టించుకొని నమోదు చేసుకోవలెను. గడువు ముగిసేసరికి నూటికి 80 దాకా కుటుంబాలు నమోదు చేసుకొన్నవి. చేసుకోనివారి సంగతి మరింత చిత్రం. వారి విషయంలో యజమాని వంశనామమే గృహనామంగా మారిపోయినది. ఆ ఇంట ఉన్న భార్య, కోడలు, తల్లి, తాము ఏ కాగితం మీదా వ్రాలు చేయకుండానే, ఒక్కనాటిలో కొత్త ఇంటిపేరువారైనారు. 1898 స్మృతిలోని గృహసంస్థను సముద్రం దాటించి మరొక జాతి మీద మోపినారు. 1946లో కొరియావారు తమ పేర్లు తాము తిరిగి వ్రాసుకొన్నారు.

యుద్ధానంతరం కొత్త రాజ్యాంగం వచ్చినది. స్త్రీపురుషులు సమానులైనారు. 1947లో పౌరస్మృతిని సవరించి గృహసంస్థను, యజమానిని తొలగించినారు. ఇంటిపేరు నిబంధనను మాత్రం తొలగించక, “భర్తదిగాని, భార్యదిగాని” అన్న సమానత్వపు దుస్తులు తొడిగినారు. కుటుంబ పట్టీ కూడ నిలిచినది. ఒక దంపతులకు, వారి అవివాహిత సంతానానికి ఒక పట్టీ, పట్టీకి ఒకే ఇంటిపేరు. “ఇంటిపేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల కంపు” అన్న మన సామెత ఈ సమానత్వానికి బాగా అమరును. 95 పాళ్ళు ఒకే వైపు మొగ్గే త్రాసును సమమైన త్రాసని ఏ బజారులోను ఒప్పుకొనరు.

స్త్రీలు ఇళ్ళలోనే ఉన్నంతకాలం ఈ మార్పు వలని కష్టం ఇంటి గోడలు దాటలేదు. ఉద్యోగాలు, పరిశోధనలు, వ్యాపారాలు చేపట్టిన తరువాత దాటినది. పదేళ్ళు ఒక పేరుతో పరిశోధన వ్యాసాలు ప్రకటించిన స్త్రీ, వివాహమైన మరునాడు మరొక పేరుగలది అగుచున్నది. బ్యాంకు ఖాతా, వాహనం నడిపే అనుమతి పత్రం, పాస్‌పోర్టు అన్నీ మార్చుకోవలెను. దీనికి పరిహారంగా ప్రభుత్వం పుట్టింటి పేరును వాడుకపేరుగా అనుమతిస్తూ వచ్చినది. 2019 నవంబరు నుండి నివాస పత్రాలలో దానిని చేర్పించుకోవచ్చును. పాస్‌పోర్టులో కూడ కుండలీకరణాలలో వ్రాయించుకోవచ్చును. అయితే పాస్‌పోర్టులోని ఎలక్ట్రానిక్ చిప్పులో ఆ పేరుండదు. పరదేశపు విమానాశ్రయంలో అధికారి రెండు పేర్లను చూచి ఏది నిజమని అడిగితే జవాబు చెప్పుకొనే భారం ఆమెదే. ఈ చిక్కు చివరకు వ్యాపారస్థులను కూడ కదిలించినది. కెయిదన్‌రెన్ అనే పెద్ద పరిశ్రమల సమాఖ్య, సాధారణంగా అధికారపక్షానికి సన్నిహితమైనది, 2024 జూన్‌లో ఐచ్ఛికంగా వేరు ఇంటిపేర్లకు అనుమతి ఇవ్వవలసినదని ప్రభుత్వాన్ని కోరినది. అదే సంవత్సరం అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన సంఘం ఇదే సిఫారసు చేసినది. 2003, 2009, 2016 తరువాత ఇది నాలుగవసారి.

కొందరు ఈ బెడదకు ఓపలేక వివాహం నమోదు చేయకుండానే కాపురం చేస్తున్నారు. అట్టివారికి వారసత్వపు హక్కు లేదు.

న్యాయస్థానాలు ఏమన్నవి? 2015 డిసెంబరు 16న సుప్రీంకోర్టు పూర్ణపీఠం, ఈ నిబంధన రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పు చెప్పినది. పేరు మార్చుకొనేవారికి నష్టమున్నదని ఒప్పుకొంటూనే, వాడుకపేరు వ్యాప్తితో అది కొంత తగ్గుచున్నదని, మార్పు చేయవలసినది పార్లమెంటు అని చెప్పినది. పదిహేనుగురు న్యాయమూర్తులలో పదిమంది ఒక వైపు, ఐదుగురు ఒక వైపు. ఆనాడు పీఠంలో ఉన్న స్త్రీలు ముగ్గురు. ఆ ముగ్గురూ నిబంధన చెల్లదన్నవారే. 2021 జూన్‌లో మరల అదే తీర్పు వచ్చినది. ఈసారి భిన్నాభిప్రాయం వ్రాసిన వారిలో మియజాకి యూకో ఒకరు. 2018లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఈమె, తీర్పుల మీద పుట్టింటి పేరుతో సంతకం చేసిన మొదటి సుప్రీంకోర్టు న్యాయమూర్తి.

ఎదుటి పక్షపు వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. పిల్లలకు ఎవరి పేరు వచ్చును, అన్నకు ఒక ఇంటిపేరు, చెల్లెలికి మరొకటి ఉండవచ్చునా అన్నవి నిజమైన ప్రశ్నలే. చట్టంలో వ్రాసుకొంటే తీరగల ప్రశ్నలు కూడ. కుటుంబం విచ్ఛిన్నమగునన్న భయానికి మాత్రం వారి దేశంలోనే సమాధానమున్నది: విదేశీయులను వివాహమాడిన జపానీయులకు 750వ నిబంధన వర్తించదు. వారు ఎవరి పేర్లతో వారు కాపురాలు చేసుకొంటున్నారు. ప్రజాభిప్రాయం కూడ ఒక దారిలో లేదు. 2021 చివర ప్రభుత్వం జరిపిన విచారణలో, ఉన్న చట్టమే ఉండవలెనన్నవారు నూటికి 27. చట్టం ఉంచి వాడుకపేరుకు చట్టబద్ధత ఇవ్వవలెనన్నవారు 42. వేరు ఇంటిపేర్లకు వీలివ్వవలెనన్నవారు 29. మొదటి రెండు అంకెలు కలిపి, మూడింట రెండు వంతులకు మించిన ప్రజలు మార్పు కోరరని ఒక పక్షం చెప్పుచున్నది. చివరి రెండు కలిపి, ఏడు పదులకు మించినవారు నేటి స్థితితో తృప్తిపడలేదని రెండవ పక్షం చెప్పుచున్నది. లెక్కల మాస్టరు తరగతిలో ఈ అంకెలను ఒకసారి నల్లబల్ల మీద వ్రాయవచ్చును. ప్రశ్న అడిగిన తీరు జవాబును ఎంత నడిపించునో పిల్లలకు తెలియును.

ఈ వివాదంలో కొంత వినోదం కూడ లేకపోలేదు. తోహొకు విశ్వవిద్యాలయ ఆచార్యులు యొషిదా హిరోషి 2024లో ఒక లెక్క కట్టినారు. ఇప్పుడు జనాభాలో నూటికి ఒకటిన్నర వంతుగా ఉన్న సాటో అనే ఇంటిపేరు, ఇట్లే దంపతులలో ఒకరి పేరు చెరిగిపోతూ ఉంటే, 2531 నాటికి దేశమంతటికీ ఏకైక నామమగునట. ఈ లెక్క చట్టం మార్చవలెనన్నవారు అడిగి వేయించుకొన్నది కనుక జోస్యంగా పుచ్చుకోనక్కరలేదు. కాని ఇంటిపేర్లు ఒక్కొక్కటే అంతరించునన్న మాట గణితానికి ఒప్పేదే.

పేర్లను చట్టంతో పెట్టించిన దేశాలు మరికొన్ని కలవు. ఫిలిప్పీనులో 1849లో స్పెయిను గవర్నరు క్లావెరియా ఇంటిపేర్ల జాబితా ఒకటి అచ్చువేయించి ఊళ్ళకు పంచినాడు. సయాం రాజు 1913లో, తుర్కీ పార్లమెంటు 1934లో ప్రజలకు ఇంటిపేర్లు నిర్బంధం చేసినవి. ముస్తఫా కెమాలు అతాతుర్కు అయినది ఆ తుర్కీ చట్టం ప్రకారమే. ఈ చివరి రెండు దేశాలలోను భార్య భర్త పేరు ధరించి తీరవలెనన్న నియమముండేది. దానిని థాయి రాజ్యాంగ న్యాయస్థానం 2003లోను, తుర్కీ రాజ్యాంగ న్యాయస్థానం 2023లోను కొట్టివేసినవి. జపాను న్యాయమూర్తులు పార్లమెంటు వైపు చూపిన పనిని అక్కడివారు తామే చేసినారు. ఇంటిపేరే లేకుండా తండ్రి పేరుతోనో తల్లి పేరుతోనో సాగిపోతున్న ఐస్‌లాండు కూడ అధునాతన రాజ్యమే. అక్కడి టెలిఫోను పుస్తకంలో సొంతపేరు అకారాది క్రమంలోనే మనుషులను వెదకవలసి ఉండేది.

మన దేశంలో భార్య ఇంటిపేరు మార్చుకోవలెనన్న చట్టం లేదు. ఆచారమున్నది. ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్ల, అక్కడి పిల్ల అని మన పెద్దలు చమత్కరించుతారు. వ్యాకరణం ఒప్పకపోయినా లోకం ఒప్పుకొన్న వ్యుత్పత్తి అది. చదువుకొన్న తెలుగు స్త్రీకి పదవ తరగతి ధ్రువపత్రం మీద పుట్టింటి పేరు, రేషను కార్డు మీద అత్తింటి పేరు ఉండడం మనం ఎరిగినదే. బడిలో చేర్చిన నాడు ఉపాధ్యాయుడు రిజిస్టరులో వ్రాసిన పేరే ధ్రువపత్రానికి ఎక్కుచున్నది. అమెరికా దరఖాస్తుకు కూడ అదే ఆధారం. అక్కడివారు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకొనడం వలన మన విద్యార్థులు కొందరు సొంతపేరే ఇంటిపేరుగా పిలిపించుకొంటున్నారు.

చట్టం లేనిచోట తగాదా లేదనుకోరాదు. భర్త మరణించి పునర్వివాహం చేసుకొన్న ఒక తెలుగు తల్లి తన బిడ్డకు కొత్త కుటుంబపు ఇంటిపేరు పెట్టినది. మొదటి భర్త తలిదండ్రులు వ్యాజ్యానికి వెళ్ళగా, కన్నతండ్రి ఇంటిపేరే ఉంచవలెనని, రెండవ భర్తను సవతి తండ్రిగా చూపవలెనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించినది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని త్రోసిపుచ్చినది. సవతి తండ్రి అని కాగితం మీద వ్రాయించడం బిడ్డ మనసు తెలియని క్రూరమైన పని అని తప్పుపట్టినది. ఇంటిపేరు వంశచిహ్నం మాత్రమే కాదని, బిడ్డ ఏ కుటుంబంలో పెరుగుచున్నదో ఆ కుటుంబంతో గల సంబంధాన్ని చెప్పేదని, ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి దానిని నిర్ణయించే హక్కున్నదని పేర్కొన్నది. జపానులో ఒకే పేరు కుటుంబాన్ని కట్టి ఉంచునన్నవారు ఈ తీర్పును తమకు అనుకూలంగా చదువుకోవచ్చును. పేరు నిర్ణయించే హక్కు మనిషికుండవలెనన్నవారు కూడ చదువుకోవచ్చును. నాకు రెండవ పాఠమే సరియైనదిగా తోచుచున్నది. ఆ తల్లిని ఎవరూ ఏ గడిలోను గురుతు పెట్టమని నిర్బంధించలేదు.

జపానులో 2025 అక్టోబరునాటి పాలకపక్షాల ఒప్పందం మధ్యేమార్గం చెప్పినది. కుటుంబ పట్టీ, అందులోని ఒకే ఇంటిపేరు చెక్కుచెదరవు. పుట్టింటి పేరు వాడుకకు మాత్రం చట్టం ద్వారా విలువ కల్పించుతారు. అది జరిగితే నూటికి 95 వివాహాలలో భార్యకు చెల్లుబాటయ్యే ఇంటిపేర్లు రెండగును, ఒకటి పట్టీలోనిది, ఒకటి పనిలోనిది. భర్తకు ఎప్పటివలె ఒకటే. 1876 నాటి జవాబు ప్రకారం ఆమెకు కూడ ఒకటే ఉండేది.